నూకయ్య దగ్గర మూడే డిగ్రీలు

నూకయ్య దేన్నీ ముట్టుకోకుండా నమ్మడు.

ముట్టుకోవడమంటే అరచేత్తో కాదు. అరచెయ్యి మొద్దుది, దానికి పని తప్ప ఏమీ తెలీదని ఆయన అభిప్రాయం. కుడిచేతి వెనకవైపు, వేళ్ళ కణుపులకూ మణికట్టుకూ నడుమనున్న బెత్తెడు చర్మమే నిజం చెబుతుంది. దాన్ని టీ గ్లాసుకు ఆనిస్తాడు. గోడకు ఆనిస్తాడు. ఎదుటి మనిషి నమస్కారం పెడితే ఆ చేతులకూ ఆనిస్తాడు. కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెట్టేంతసేపు ఆగి, తీర్పు చెబుతాడు. తర్వాత చెవి వెనక బీడీలా పెట్టుకున్న సుద్దముక్క తీస్తాడు. బాగుంటే సున్నా, బాగోకపోతే ఇంటూ.

ఈ అలవాటు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద పుట్టింది. బండి ఆగగానే పెట్టె పెట్టెకూ నడిచి, చక్రాల దగ్గరుండే యాక్సిల్ బాక్సుల్ని చేత్తో తాకి చూడటం అప్పట్లో ఆయన ఉద్యోగం. లోపల బేరింగు నలుగుతుంటే బాక్సు కాలుతుంది. ఎవరూ కనిపెట్టకపోతే దారి మధ్యలో ఇరుసు విరుగుతుంది. అందుకని కాలే పెట్టె మీద సుద్దతో ఇంటూ వేస్తారు. అది 'సిక్'. దాన్ని బండి నుంచి కోసి, అంటే విడదీసి, మరమ్మతుకు సిక్ లైనులో పెడతారు. నూకయ్య ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే పని చేశాడు.

ఒకసారి మెయిలుబండికి సిగ్నలు పడింది. గార్డు జెండా ఊపాడు. నూకయ్య వెళ్ళి ఏడో పెట్టె మీద ఇంటూ గీశాడు. బండి నలభై నిమిషాలు ఆగింది. విప్పి చూస్తే బేరింగు నల్లగా మాడి ఉంది. ఆ సాయంత్రం ఆయనకు రెండు కాగితాలు అందాయి. ఒకటి మెచ్చుకుంటూ, ఒకటి బండి ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ. ఆయనకు చదువు రాదు కనుక రెంటినీ పక్కపక్కన పటం కట్టించి గోడకు తగిలించాడు.

ప్లాట్‌ఫాం మీద అలవాటు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతే ఈ కథ లేదు. గోల్‌బజార్‌లో చేపలకు వెళ్తే బుట్టలో ఉన్న ప్రతి చేపకూ చెయ్యి ఆనించేవాడు. "దాదా, కొంటావా, నాడి చూస్తావా?" అని చేపలతను బెంగాలీలో అరిచేవాడు. "సూడకుండా ఎలాగ కొంటాను? నీ సేపలు రాత్రి నుంచీ సిక్కు" అని నూకయ్య తెలుగులో అరిచేవాడు. ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు. తగాదాకు మాత్రం ఎవరి భాష వాళ్ళు వాడుకునేవాళ్ళు.

సుభాష్‌పల్లిలో సొంత మేనకోడలి పెళ్ళి. సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకు నూకయ్య పెళ్ళికొడుకు నుదుటికి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "సిక్" అన్నాడు. పీట అంచున ఇంటూ గీశాడు. మగపెళ్ళివారు లేచి నిలబడ్డారు.

"మా కుర్రోణ్ణి రైలుపెట్టె అనుకున్నారేటి?"

"పెట్టయితే కోసీసి పక్కన పెడుదును. పెళ్ళికొడుకు గదా, ఒక బిళ్ళేసి కూకోబెట్టండి" అన్నాడు నూకయ్య.

జ్వరం నూటరెండు. బిళ్ళ వేశారు, శాలువా కప్పారు, తాళి కట్టించారు. ఆ పీట ఇప్పటికీ అల్లుడి ఇంట్లో ఉంది. సుద్ద చెరిగితే అల్లుడే మళ్ళీ దిద్దుకుంటాడు.

త్రిపురసుందరి ఈ కథలన్నీ తర్వాత విన్నది. ఆమెకు నూకయ్య తెలిసింది 1986 డిసెంబరులో, ఎర్ర కచేరీలో.

ఎర్ర కచేరీ అంటే తెల్లదొరలు కట్టిన పాత రైలాఫీసు. మూడంతస్తులు, నూటపన్నెండు గదులు, చుట్టూ వరండాలు, ఏనుగు తల వంచకుండా దూరగల తలుపులు. వేసవిలో అది పొయ్యి, చలికాలంలో నుయ్యి. జనవరి ఉదయం పదిన్నరకు గుమాస్తాలందరూ బల్లల కింద దొంగచాటుగా హీటర్లు పెట్టుకునేవాళ్ళు. పదీ ముప్పై అయిదుకు ఫ్యూజు పోయేది. వాచీ లేనివాళ్ళు ఫ్యూజును బట్టి టైము చూసుకునేవాళ్ళు.

ఈ భవనానికి కరెంటు ఖర్చు తగ్గించే మార్గం కనిపెట్టమని ఊరి అవతలున్న ఇంజనీరింగు సంస్థను అడిగారు. అక్కడి ప్రొఫెసరు భీమశంకరం ఆ పనిని తన పరిశోధక విద్యార్థిని త్రిపురసుందరికి అప్పగించాడు. ఆమెది తెనాలి. వయసు ఇరవై అయిదు. వచ్చి పదిహేను రోజులైంది. బెంగాలీ రాదు, స్వెట్టరు లేదు, హాస్టల్లో పక్కగది వాళ్ళ పేర్లు కూడా తెలియవు. ఎర్ర కచేరీ కింది అంతస్తులో ఆమెకో గది, బల్ల, కుర్చీ ఇచ్చారు. గొట్టాల పనికి ఒక మనిషిని కూడా ఇచ్చారు. మోకాలు చెడి, లైట్ డ్యూటీ మీద ప్లాట్‌ఫాం నుంచి వచ్చిన నూకయ్యను.

ఆయన లోపలికి వచ్చాడు. ఆమె నమస్కారం పెట్టింది. ఆ చేతులకు తన చేతి వెనకవైపు ఆనించాడు. ఆమె ఉలిక్కిపడింది. ఆయన కళ్ళు మూశాడు, తెరిచాడు, చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె కుర్చీ వీపు మీద ఇంటూ గీశాడు.

"ఏంటండీ ఇది?"

"సిక్ అమ్మా."

"కుర్చీ బాగానే ఉందిగా?"

"ఉంతాది. ఉన్నన్నాళ్ళూ ఉంతాది" అని వెళ్ళిపోయాడు.

ఆమె తడిగుడ్డతో తుడిచేసింది. మర్నాడు పొద్దున మళ్ళీ ఉంది. మళ్ళీ తుడిచింది. మూడోరోజు లేదు. మనిషి దారికొచ్చాడనుకుంది. ఆ రోజు నుంచే పదింటికల్లా జోగమ్మ అల్లం టీ తెచ్చి బల్లమీద పెట్టడం మొదలుపెట్టింది. జోగమ్మ కచేరీ వెనక టీ అమ్మే మనిషి. "నేను అడగలేదే" అంది త్రిపుర. "అడిగినోళ్ళకే ఇస్తే అది టీ ఎందుకవుతాదమ్మా" అంటూ జోగమ్మ కెటిలు ఊపుకుంటూ వెళ్ళింది. ఇది ఈ ఆఫీసు ఆచారం కాబోలనుకుంది త్రిపుర.

పెరట్లో బోర్లు తవ్వడం మొదలైంది. ఇరవై నాలుగు బోర్లు, ఒక్కోటీ వంద అడుగులు. ఎర్రటి లేటరైటు రాయి పొడి ఊరంతా ఎగిరింది.

"ఏటమ్మా ఇన్ని బోర్లు? నీళ్ళకా?" అనడిగాడు నూకయ్య.

"నీళ్ళకు కాదు, వేడికి. వేసవిలో గొట్టాల్లో తిరిగే నీళ్ళు గదుల వేడిని పట్టుకుంటాయి. భూమిలోకి దిగి ఆ వేడిని అక్కడ వదిలేసి, చల్లబడి పైకొస్తాయి. అలా ఎండాకాలమంతా భూమిలో దాచిన వేడిని చలికాలంలో మళ్ళీ పైకి తెచ్చుకుంటాం. కూలర్లూ వద్దు, హీటర్లూ వద్దు. నీళ్ళను తిప్పే చిన్న పంపు చాలు."

నూకయ్య కాసేపు బోరు మూతికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఎండల్లో పెట్టుకుని, ఏడాదంతా తినడం."

"ఏంటి?"

"ఊరగాయ గదమ్మా ఇది."

సాయంత్రానికి కచేరీ అంతా దాన్ని ఊరగాయ స్కీము అనడం మొదలుపెట్టింది. భవనం బాధ్యత చూసే మైతీ బాబు ఫైలు మీద ఆచార్ స్కీం అని రాసుకున్నాడు. నెల తిరిగేసరికి భీమశంకరంగారు కూడా ఫోనులో, "ఊరగాయ ఎంతవరకు వచ్చిందమ్మా?" అన్నాడు.

మైతీ బాబు సంగతి కొంచెం చెప్పాలి. మేదినీపూర్ జిల్లా మనిషి. దుర్గాపూజ అయిన మర్నాడు మంకీ టోపీ పెట్టేవాడు. హోలీకి తీసేవాడు. నలభై ఏళ్ళు తెలుగువాళ్ళ మధ్య పనిచేయడం వల్ల తెలుగులో తిట్టడం వచ్చు, పొగడటం రాదు. ఆయన జీవితంలో పెద్ద శత్రువు నూకయ్య సుద్దముక్క. తలుపుల మీద, కిటికీ అరుగుల మీద, మెట్ల మలుపుల్లో, ఎక్కడ చూసినా ఇంటూలు.

"నూకయ్యా! ఇది ఎనభై ఏళ్ళ బిల్డింగు! హెరిటేజ్! నీ రైలుపెట్టె కాదు!"

"అవును బాబూ. పెట్టయితే కదులును, గాలాడును."

"నా కుర్చీకి కూడా ఇంటూ వేశావు. నేను రిపోర్ట్ చేస్తాను."

"సేయండి బాబూ. ఏటని రాస్తారు? కుర్చీకి జొరమొచ్చినాదని రాస్తారా?"

మైతీ బాబు రాయడానికి కూర్చున్నాడు. అరగంట ఆలోచించాడు. ఏ విధంగా రాసినా తనకే మతి పోయిందనుకుంటారని కాగితం చింపేశాడు.

త్రిపురకు మాత్రం నూకయ్య చెయ్యి మెల్లగా పనికొచ్చింది. ఆమె గొట్టాల మీద పరికరాలు బిగించి డిగ్రీలు రాసుకునేది. కరెంటు పోతే పరికరాలు ఊరుకునేవి. ఆ రోజుల్లో కరెంటు ఉండటమే వార్త. అలాంటప్పుడు నూకయ్య గొట్టం తాకి చెప్పేవాడు.

"నూకయ్యగారూ, సుమారుగా ఎన్ని డిగ్రీలుంటుందంటారు?"

"డిగ్రీలు మీకాడుంటాయమ్మా. నాకాడ మూడే ఉన్నాయి. పరవాలేదు, సూసుకోవాల, ఆపీయాల."

ఆమె నవ్వింది. కాని రాసుకుంది. కరెంటు వచ్చాక పరికరంతో పోల్చి చూస్తే, ఆ మూడు డిగ్రీలూ ఎప్పుడూ తప్పలేదు.

రెండు వేసవులు గడిచాయి. గదులు చల్లబడ్డాయి. మే నెలలో గుమాస్తాలు బల్లల మీద తలలు పెట్టుకుని హాయిగా నిద్రపోయారని మైతీ బాబు ఫిర్యాదు రాశాడు. అంతకంటే మంచి సర్టిఫికెట్టు ఏ స్కీముకూ దొరకదు. అసలు పరీక్ష చలికాలంలో. 1989 జనవరిలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తుంది. ఉదయం తొమ్మిదింటికి మీటింగు హాల్లో, ఒక్క హీటరు కూడా లేకుండా, ఇరవై రెండు డిగ్రీలుండాలి. ఉంటే స్కీము సాగుతుంది. లేకపోతే పంపు ఆపి, బోర్లు పూడ్చేస్తారు. త్రిపుర రెండేళ్ళ పనీ వాటితోపాటు మట్టి కింద పడుతుంది.

కమిటీ రావడానికి వారం ముందు హాల్లో పందొమ్మిది.

మూడు డిగ్రీలు తక్కువ. భూమిలో వేడి ఉంది. బోర్ల దగ్గర కొలిస్తే లెక్క ప్రకారం పైకి వస్తోంది. హాలుకు చేరేసరికి తగ్గిపోతోంది. ఆమె భీమశంకరంగారికి ఫోను చేసింది. "లెక్క మళ్ళీ చెయ్యమ్మా" అన్నాడాయన. ఏ కష్టం చెప్పుకున్నా ఆయన ఇచ్చే మందు అదొక్కటే. ఆమె మళ్ళీ చేసింది. మూడుసార్లు చేసింది. లెక్కలో తప్పులేదు.

"నూకయ్యగారూ, వేడి ఎక్కడికో పోతోంది."

నూకయ్య గొట్టానికి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు తెరవలేదు.

"ఎంతమ్మా?"

"మూడు డిగ్రీలు."

"మూడు పెద్దదేటి?"

"మూడు లేకపోతే స్కీమే లేదు. బోర్లు పూడ్చేస్తారు."

ఆ రోజు ఆయన ఒక్క ఇంటూ కూడా గీయలేదు. అది చూసి మైతీ బాబు వచ్చి, ఒంట్లో ఎలా ఉందని అడిగి వెళ్ళాడు.

మర్నాడు త్రిపుర ఏడింటికే వచ్చింది. గొట్టం వెంట అడుగడుగునా కొలుచుకుంటూ భవనం వెనక్కి నడిచింది. వెనక వరండా ఉత్తరం వైపు ఉంటుంది. ఎండ తగలదు. అక్కడ నాలుగు రాతి బెంచీలున్నాయి. ఆమె రెండేళ్ళుగా వాటిని చూస్తూనే ఉంది. చూస్తూ ఉన్నదాన్ని ఆ రోజు మొదటిసారి చూసింది.

మూడు బెంచీలు ఖాళీ. నాలుగో దాని మీద ఏడుగురు ఆడవాళ్ళు ఒకరినొకరు నెట్టుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర రెండు, బెంచీ కింద మూడు కుక్కలు. పక్కన ఒక మేక. ఆ మేక ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఆ ఆడవాళ్ళు కచేరీ ఊడ్చి తుడిచేవాళ్ళు. తెల్లవారకముందే వచ్చి, చన్నీళ్ళతో నూటపన్నెండు గదులూ తుడుస్తారు. ఏడింటికి పని అయిపోతుంది. హాజరు వేసే గుమాస్తా తొమ్మిదింటికి వస్తాడు. ఆ రెండు గంటలూ తడికాళ్ళతో ఆ బెంచీల మీద కూర్చోవాలి. అందరిలో పెద్దది పోలమ్మ.

"ఈ బెంచీ మీదే ఎందుకు కూర్చుంటారు పోలమ్మా? అవి ఖాళీగానే ఉన్నాయిగా?"

"అయ్యి సల్లగుంటాయమ్మా. ఇది మా నూకయ్య బెంచీ. కూకో, నీకూ తెలుస్తాది. ఒలే నర్సమ్మా, జరగవే."

త్రిపుర కూర్చుంది. రాయి వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళిన పడకలా ఉంది. ఆమె వంగి చూసింది. బెంచీ కింద, కుక్కల వెనక, మిగిలిపోయిన తుక్కు గొట్టం ముక్కలు కలిపి చేసిన చుట్ట ఒకటి రాతికి అంటుకుని ఉంది. దాని పక్క గోడ మీద పాతబడిన సుద్ద ఇంటూ. మూడు డిగ్రీలు దొరికాయి.

ఆమె పంపుగదిలోకి వెళ్ళింది. నూకయ్య స్టూలు మీద మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆమె ముఖం చూడగానే లేచాడు.

"ఊరగాయలో ఒక ముక్క తీస్తే జాడీ కాళీ అయిపోతాదనుకోలేదమ్మా" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ కాగితంలో గదులున్నాయి. వరండా లేదు. సెప్తే ఏటంటారు? లెక్కలో లేదంటారు."

నిజమే. అలాగే అని ఉండేది. ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మరి ఆ బెంచీకి ఇంటూ వేశారుగా. రాయికి ఏమైంది?"

"రాయికి కాదమ్మా." ఆయనకు ఇంత మామూలు సంగతి విడమరిచి చెప్పవలసి రావడం ఇబ్బందిగా ఉంది. "రాయి మీద కూకున్న మనిసికి. ఇరుసు కాలిపోతన్నా అరవదు. సెయ్యి పెడితేనే తెలుస్తాది. మనుసులూ అంతేగదా. పోలమ్మ చేతులట్టుకు సూడండి, ఐసుముక్కలు. ఎలాగున్నావంటే బాగున్నానంటాది. మనిసి మీద సుద్దతో గీత్తే తంతారు. అందుకని గోడకేస్తాను, కుర్చీకేస్తాను."

పక్క గోడకున్న చిన్న చక్రం చూపించాడు. బెంచీకి వెళ్ళే వాల్వు. "కట్టీమంటారా?"

"ఆలోచించుకోనివ్వండి" అంది త్రిపుర.

ఇక్కడినుంచి జరిగింది ఇద్దరూ తర్వాత చాలాకాలం ఒప్పుకోలేదు.

త్రిపుర ఆలోచిస్తుండగానే, అమ్మాయి చదువు పాడవుతుందని నూకయ్య వాల్వు కట్టేశాడు. మర్నాడు పొద్దున బెంచీ దగ్గర కుక్కలు లేవు. ఆడవాళ్ళు చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. త్రిపుర పంపుగదిలోకి వెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, వాల్వు తిప్పేసింది. మధ్యాహ్నం నూకయ్య గొట్టం తాకి, "ఇదేటి, కట్టినట్టే గుర్తు" అనుకుని మళ్ళీ కట్టాడు. సాయంత్రం ఆమె తిప్పింది. పొద్దున ఆయన కట్టాడు. నాలుగు రోజులు ఆ చక్రానికి ఊపిరి సలపలేదు. కుక్కలు రావడం, పోవడం, మళ్ళీ రావడం. చివరికి మేక విసిగిపోయి ఇందా అనే పేట వైపు వెళ్ళిపోయింది.

కమిటీ వచ్చే ముందు సాయంత్రం ఇద్దరూ ఒకేసారి పంపుగదిలో ఎదురుపడ్డారు. ఇద్దరి చేతులూ చక్రం మీద ఉన్నాయి.

"ఒగ్గీయండమ్మా. ఒక్క రోజే గదా. కమిటీ ఎల్లిపోయాక తిప్పుకుందుం."

"కమిటీ వెళ్ళిపోయాక దీన్ని ఎవరు ఉంచనిస్తారు? మీరే వదలండి."

"మీ రెండేళ్ళ సదువమ్మా!"

"వాళ్ళ రెండు గంటలు కూడా చదువేనండీ, నాకు!"

ఆమె ఇటు తిప్పింది, ఆయన అటు తిప్పాడు. కటుక్కుమంది. చక్రం ఊడి నూకయ్య చేతిలోకి వచ్చింది. వాల్వు సగంలో బిగిసిపోయింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"సిక్" అన్నాడు నూకయ్య, సుద్దముక్క కోసం చెవి తడుముకుంటూ.

మర్నాడు తొమ్మిదింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్దాయన పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉన్నాడు. నల్లకోటు, మెడకు మఫ్లరు, చేతిలో కర్ర. హాల్లో థర్మామీటరు ఇరవైన్నర చూపించింది. మైతీ బాబు ఒక మూల మంకీ టోపీతో నిలబడి ఉన్నాడు. టోపీ ఉందంటే చలి ఉందన్నమాటే. ఆ టోపీ వంక చూసి త్రిపుర ప్రాణం ఉసూరుమంది.

"మీ కాగితంలో ఇరవై రెండు ఉంది" అన్నాడు పెద్దాయన ఇంగ్లీషులో. "మిగతా ఒకటిన్నర ఎక్కడ?"

లేటరైటు పగుళ్ళలో నీటికి కొట్టుకుపోయిందనవచ్చు. కరెంటు కోత అనవచ్చు. రెండూ ఆమె నోటిదాకా వచ్చాయి.

"ఎక్కడికీ పోలేదు సార్. వెనక ఉంది. చూపిస్తాను" అంది.

కర్ర టకటకలాడిస్తూ పెద్దాయన వెనక వరండాకు వచ్చాడు. హాజరు గుమాస్తా ఇంకా రాలేదు. నాలుగో బెంచీ మీద ఏడుగురు ఆడవాళ్ళు. రెండు కుక్కలు తిరిగొచ్చాయి, ఒకటి బెంచీ మీదే పడుకుంది. సగం వెచ్చదనానికి సగం కుక్కలు. అంతదూరం నడిచి పెద్దాయన అలసిపోయాడు. కూర్చోవడానికి ఖాళీ బెంచీ వైపు తిరిగాడు.

"ఉదర్ నహీ బాబూ!" అని పోలమ్మ కేక పెట్టింది. "ఇదర్ ఆవో. ఇటుపక్క ఎచ్చగుంతాది. ఒలే, ఆ కుక్కని లేపండే."

కుక్క లేవలేదు. ఆడవాళ్ళే జరిగారు. ఢిల్లీ కమిటీ అధ్యక్షుడు పోలమ్మకూ కుక్కకూ నడుమ కూర్చున్నాడు.

కూర్చున్నవాడు లేవలేదు. ఒక నిమిషం. రెండు. కర్ర పక్కన పెట్టాడు. మఫ్లరు విప్పాడు. మిగిలిన ఇద్దరు సభ్యులూ వాచీలు చూసుకున్నారు. జోగమ్మ టీ తెచ్చింది. ఆయన తాగాడు. ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత, గోడ మీది ఇంటూ ఏమిటని అడిగాడు. నూకయ్య చెప్పాడు. తన రైల్వే హిందీలో, ఇరుసు దగ్గరనుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. మధ్యలో మెయిలుబండి కథ కూడా చెప్పాడు. ఎవరూ ఆపలేదు.

పెద్దాయన కాగితం తీసి బెంచీ మీదే రాశాడు. త్రిపుర ఆయన భుజం మీదుగా చూసింది. హాలు: ఇరవైన్నర. బెంచీ: కొలవలేదు, లేవబుద్ధి కాలేదు.

"అమ్మాయ్" అన్నాడు, "నూటపన్నెండు గదులకు లెక్క వేశావు. ఆ గదులు తుడిచేవాళ్ళకు వెయ్యలేదు. లోపం వేడిలో లేదు. మనుషుల్ని తక్కువ లెక్కపెట్టావు. ఇంకో పన్నెండు బోర్లు రాస్తున్నాను. లెక్క మళ్ళీ చెయ్యి."

రెండేళ్ళుగా వింటున్న మాట అది. తియ్యగా వినిపించడం అదే మొదలు.

నూకయ్య ముందుకొచ్చాడు. అధ్యక్షుడి చేతికి తన చేతి వెనకవైపు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఫిట్" అని, ఎవరూ ఆపేలోగా నల్లకోటు మోచేతి దగ్గర సుద్దతో గుండ్రంగా సున్నా చుట్టాడు.

"సర్వనాశ్!" అన్నాడు మైతీ బాబు. ఆ ఉక్కిరిబిక్కిరిలో మంకీ టోపీ తీసేశాడు. ఆ రోజంతా మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

వేసవిలోగా కొత్త లెక్క కావాలి. త్రిపుర పరికరాలు పక్కనపెట్టి, ఒక నోటుబుక్కు పట్టుకుని కచేరీ అంతా తిరిగింది. ఈసారి ఇంటూలు లెక్కపెట్టింది. మెట్ల మలుపులో ఇంటూ: అక్కడ కాపలావాడు రాత్రంతా కూర్చుంటాడు. టైపు గదిలో ఇంటూ: అక్కడ ఎమిలీ అనే పెద్దావిడ వేళ్ళు చలికి కొంకర్లు పోతే ఊదుకుంటూ టైపు చేస్తుంది. మైతీ బాబు కుర్చీ వెనక ఇంటూ: అక్కడ పైన వెంటిలేటరు పగిలి గాలి నేరుగా ఆయన నడుముకు కొట్టేది. ఆ కంతలో ఎవరో ఎప్పుడో గోనెపట్టా కుక్కి ఉంచారు. మైతీ బాబుకు రెండేళ్ళ కిందట నడుంనొప్పి తగ్గింది. డాక్టరు గొప్పవాడని ఊరంతా చెప్పుకున్నాడు.

ముప్పై ఏడు ఇంటూలు. ముప్పై ఏడు చోట్లా ఒక మనిషి.

చివరికి తన గదికి వచ్చింది. కొలత కోసం కుర్చీ జరపబోతే అది వెనక్కి పడింది. కుర్చీ అడుగున, తుడిచే చెయ్యి చేరని చోట, పాత ఇంటూ.

అప్పుడే జోగమ్మ పది గంటల టీ తెచ్చింది.

"జోగమ్మా, ఈ టీ నాకెందుకిస్తున్నావు రెండేళ్ళుగా?"

"నూకయ్య సెప్పినాడు గదమ్మా. గుంట కొత్తగొచ్చినాది, సేతులు సల్లగున్నాయి, ఎవులూ నేరు, రోజూ ఎచ్చగ ఒక టీ పొయ్యి అని."

"నేను కుర్చీకి జబ్బనుకున్నాను."

"కుర్చీ సిక్కయితే కుర్చీకి టీ పోత్తారేటమ్మా!" అంటూ జోగమ్మ పగలబడి నవ్వి వెళ్ళింది.

త్రిపుర గ్లాసు తీసుకుని పంపుగదికి నడిచింది. నూకయ్య లేడు, పెరట్లో బోర్ల దగ్గర ఉన్నాడు. కిటికీ అరుగు మీద సుద్దముక్క ఉంది. గది నేల పచ్చి సిమెంటు. ఆమె వంగి తన చేతి వెనకవైపు ఆనించి చూసింది. కళ్ళు మూసుకుంది. మూడు లెక్కపెట్టింది. తర్వాత ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని, అడుగున కాదు, అందరికీ కనిపించేలా పైనే, పెద్ద ఇంటూ గీసింది.

నూకయ్య కుంటుకుంటూ వచ్చాడు. స్టూలు చూశాడు. దాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు. చెయ్యి ఆనించి చూశాడు.

"ఇదేటి, ఎవులేసినారిది? నా స్టూలుకేటైనాది?"

"స్టూలుకు కాదు" అంది త్రిపుర, టీ గ్లాసు అందిస్తూ.